ఏడో పేజీలోని ఇల్లు

పోయిన వారం మనం శ్రీలేఖను వదిలిపెట్టేసరికి ఆమె సంతోషంగా ఉంది. హెలెన్స్‌బర్గ్ గుడి బయట కార్లు నిలిపే చోట, నలభై ఒక్క సంతకాలున్న కాగితాలను ఆనందరావు గారి చేతిలో పెట్టి, పులిహోర తింటూ, తనవల్ల కూడా నలుగురికి పనికొచ్చే పని ఒకటి అయిందని మురిసిపోతూ ఉంది. ఆ మురిపెం బుధవారం మధ్యాహ్నం దాకా నిలిచింది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్ళకి కాస్త వెనకటి కథ చెప్పాలి. సిడ్నీ శివార్లలో, కెల్లీవిల్‌లో ఒక ప్రభుత్వ పాఠశాల. శ్రీలేఖ కూతురు అనన్య అక్కడ రెండో తరగతి. శ్రీలేఖ కూడా అక్కడే, చిన్న తరగతుల్లో టీచరుకి సాయంగా ఉండే పనిలో చేరి ఎనిమిది నెలలైంది. డిగ్రీ మొదటి సంవత్సరం పరీక్షలు రాయకుండానే పెళ్ళిపీటలెక్కిన మనిషి. మెడలో తన పేరున్న కార్డు వేసుకుని పొద్దున్నే గేటు దాటుతుంటే, ఎవరైనా ఆపి నువ్వు లోపలికి ఎందుకు అంటారేమోనని ఇప్పటికీ ఆమెకి భయం.

చుట్టుపక్కల నాలుగు స్కూళ్ళు కలిసి, తమ సిబ్బందికి జాతి వివక్ష గురించి శిక్షణ ఇవ్వడానికి ఒక పుస్తకం తయారుచేశాయి. ఇంకా ముసాయిదాయే. నీలం అట్ట, ఇరవై పేజీలు. ఆయా స్కూళ్ళలో పిల్లలకీ తల్లులకీ ఎదురైన సంగతులే, పేర్లు తీసేసి అందులో రాశారు. మూడో పేజీలో ఉన్నది శ్రీలేఖ కథ. ఈత పోటీల రోజు ఒక తెల్లావిడ అనన్య టిఫిన్ డబ్బా మూత తీయగానే ముక్కు మూసుకుని, తన పిల్లని లాక్కుని దూరంగా వెళ్ళి కూర్చుంది. ఇలాంటివి ఇంట్లో తినండి అని కూడా అంది. ఆ రోజు బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చిన శ్రీలేఖ, తరవాత ధైర్యం చేసి ప్రిన్సిపాల్ మిసెస్ డాల్టన్‌కి చెప్పింది. అది అచ్చయింది. మూడో పేజీని ఫోటో తీసి తెనాలిలో ఉన్న అక్కకి కూడా పంపింది.

గొడవంతా ఏడో పేజీతో వచ్చింది. అందులో కులం గురించి రాశారు. పిల్లల మధ్య కులం పేరుతో తేడాలు చూపించడం కూడా వివక్షేనని, టీచర్లు దాన్ని గుర్తుపట్టాలని. ఆనందరావు గారు అది చూసి మండిపడ్డారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా సిడ్నీలో ఉన్న మనిషి, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఇక్కడి మనవాళ్ళకి ఏ కష్టమొచ్చినా ముందుండే పెద్దమనిషి. ఆయన భయం ఉత్తిది కాదు. మన సంగతి ఏమీ తెలియని టీచరు ఈ పేజీ చదివితే, రేపు ప్రతి ఇండియన్ పిల్లనీ అనుమానంగా చూడదా? నీ కులమేంటని క్లాసులో అడగదా? ఇంట్లో ఆ మాటే తెలియకుండా పెంచుకున్న పిల్లలకి మనమే నేర్పినట్టు కాదా? ఇలా ఆయన అడుగుతుంటే అందరూ తలలూపారు. స్కూలు లోపలి మనిషివి, నీకైతే అందరూ తెలుసు అని సంతకాల పని శ్రీలేఖకి ఒప్పజెప్పారు. ఆమె గడప గడపా తిరిగింది. అనన్య స్నేహితురాలు అమ్ములు వాళ్ళమ్మ శ్యామసుందరి దగ్గరికి కూడా వెళ్ళింది. ఉత్తరాన డార్విన్ ఊళ్ళో ఆస్పత్రి నర్సుగా చేసి, కిందటేడే కెల్లీవిల్ వచ్చిన మనిషి ఆవిడ. కాగితం వైపు చాలాసేపు చూసి, ఏమీ అడగకుండా సంతకం పెట్టింది. పెన్ను మాత్రం శ్రీలేఖ చాపిన చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టింది. అప్పుడు శ్రీలేఖ దాన్ని పట్టించుకోలేదు.

ఇంత చేసిన మనిషి ఏడో పేజీని చదవలేదు.

శ్రీలేఖకి ఇంగ్లీషు చదవడం రాక కాదు. వస్తుంది. వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, మెల్లగా. పదిమందిలో అలా చదవాలంటే సిగ్గు. పైగా ఆనందరావు అంకుల్ అంత వివరంగా చెప్పాక మళ్ళీ చదివేదేముంది అనుకుంది. బుధవారం పొద్దున ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. ‘సాయంత్రం మీటింగులో నువ్వు కూడా రెండు మాటలు మాట్లాడాలమ్మా.’ మాట్లాడాలంటే చదవక తప్పదు. మధ్యాహ్నం స్టాఫ్ రూము ఖాళీ అయ్యాక, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని నీలం అట్ట తిప్పింది.

మూడో పేజీ దగ్గర అలవాటుగా కాసేపు ఆగింది. తరవాత ఏడోది తీసి వేలు పెట్టింది.

ఒక ఇంట్లో పాప పుట్టినరోజు. తరగతిలోని పిల్లలు పదకొండు మంది వచ్చారు, క్లాస్ టీచరు కూడా వచ్చింది. ఇల్లంతా పసుపు రంగు బుడగలు. భోజనాలు వడ్డిస్తూ ఆ ఇంటావిడ ఒక పిల్లని, మీ అమ్మమ్మ వాళ్ళది ఏ ఊరని అడిగింది. ఊరి పేరు విన్నాక, ఊళ్ళో ఎక్కడ అని అడిగింది. ఆ పిల్ల చెప్పింది. ఆ తరవాత అందరికీ స్టీలు పళ్ళాల్లో పెట్టి, ఆ ఒక్క పిల్లకీ కాగితం ప్లేటులో పెట్టింది.

ఎంత కఠినురాలో ఈ మనిషి అనుకుంది శ్రీలేఖ. నిజంగానే అనుకుంది. ఏ ఊరి వాళ్ళో, చిన్నపిల్ల దగ్గర ఇదేం బుద్ధి అని మనసులో తిట్టుకుంది కూడా. వేలు తరవాతి వరుస మీదికి జరిగింది. ఆ స్టీలు పళ్ళాల అంచు మీద ఇంటివాళ్ళ పేర్లు చెక్కి ఉన్నాయి.

వేలు అక్కడే ఆగిపోయింది.

పెళ్ళప్పుడు తెనాలిలో కొని, వాళ్ళమ్మ దగ్గరుండి పేర్లు కొట్టించిన కంచాలవి. ‘చి.సౌ. శ్రీలేఖ’ అని ఒక్కో కంచం అంచున చుక్కలు చుక్కలుగా ఉంటుంది. ఆస్ట్రేలియా వచ్చేటప్పుడు చీరలు తగ్గించుకుని పన్నెండు కంచాలు పెట్టెలో సర్దుకుంది. పుట్టినరోజునాడు క్లాస్ టీచరు మిస్ హార్పర్ ఆ అక్షరాల్ని వేలితో తడుముతూ, ఎంత అందంగా ఉన్నాయో అని మెచ్చుకుంది. పసుపు బుడగలు అనన్య ఏరుకున్న రంగు. మార్చి నెల. ఆదివారం.

ఆ రోజు జరిగిందంతా ఆమెకి గుర్తొచ్చింది. గుర్తురాకుండా ఇన్నాళ్ళు ఎలా ఉంది? శ్యామసుందరి అనే పేరు విని, ఆవిడ మాటతీరు చూసి, మనవాళ్ళే అనుకుంది. మనవాళ్ళు అంటే ఏమిటో తనని తను ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు అమ్ములు పళ్ళెం కోసం వచ్చి నిలబడితే, ముద్దుగా బుగ్గ పట్టుకుని, మీ అమ్మమ్మ వాళ్ళది ఏ ఊరమ్మా అంది. ఊరు చెప్పగానే, అది తమకి పది కిలోమీటర్లే గనక, ఊళ్ళో ఎక్కడ అంది. ‘పేటలో. చర్చి వెనకాల. అమ్మమ్మ హాజ్ గోట్స్’ అంది అమ్ములు, మేకలు గుర్తొచ్చి నవ్వుతూ.

అప్పుడు శ్రీలేఖ ఏమీ అనుకోలేదు. అదే ఇప్పుడు ఆమెని నిలువునా కోస్తోంది. ఒక్క ఆలోచన కూడా రాలేదు, ఒక్క మాట కూడా అనలేదు. కంచం మీదున్న చెయ్యి దానంతటది పక్కకి జరిగి, కేకు కోసం తెచ్చిన కాగితం ప్లేట్ల మీదికి వెళ్ళింది, అంతే. చెయ్యికి ఎవరు నేర్పారు? తెల్లావిడ మిస్ హార్పర్‌కి స్టీలు కంచం పెట్టిన చెయ్యే అది. అమ్ములు ఆ ప్లేటు తీసుకుని, థాంక్యూ ఆంటీ అని, పులిహోర మెతుకు వదలకుండా తింది. అందరూ వెళ్ళిపోయాక, అమ్ములు నీళ్ళు తాగిన గ్లాసుని శ్రీలేఖ విడిగా తీసి విడిగా కడిగింది.

ఆ గ్లాసు సంగతి పేజీలో ఉందేమోనని ఆమె ఆత్రంగా వెతికింది. లేదు. అమ్మయ్య అనుకుంది. అనుకున్న మరుక్షణం, అనుకున్నందుకు చెవులు వేడెక్కిపోయాయి.

పేజీ కింద ఇంకా నాలుగు వరుసలు మిగిలి ఉండగానే గంట కొట్టారు. గ్రౌండులో పిల్లల్ని చూసుకునే వంతు ఆమెది. పుస్తకం సంచిలో కుక్కి, ఎండ టోపీ పెట్టుకుని బయటికి వచ్చింది. చలువ పందిరి కింద అనన్యా అమ్ములూ పక్కపక్కన కూర్చుని తింటున్నారు. శ్రీలేఖని చూడగానే అమ్ములు పరుగెత్తుకొచ్చి, తెరుచుకోని పెరుగు డబ్బా చేతికిచ్చింది. ఊడబోతున్న పన్నుని నాలుకతో ఊపి చూపించింది. శ్రీలేఖ డబ్బా రేకు తీసింది. పెరుగు కాస్త ఆమె వేళ్ళ మీద చిందింది. అమ్ములు నవ్వి, తన చేతిలోని టిష్యూతో ఆ వేళ్ళు తుడిచి, అనన్య దగ్గరికి పరుగెత్తింది.

మార్చి తరవాత ఆ పిల్ల తమ ఇంటికి రాలేదు. పిలిచినప్పుడల్లా శ్యామసుందరి డ్యూటీ ఉందనేది. ఆస్పత్రి ఉద్యోగం, పాపం, ఎంత కష్టమో అని శ్రీలేఖ జాలిపడేది.

పందిరి వెనక్కి వెళ్ళి భర్త భార్గవ్‌కి ఫోన్ చేసింది. అతను ఆఫీసులో ఏదో పనిలో ఉన్నాడు. ఆమె చెప్పిందంతా విని, మొదట ఆ పేజీలో మన పేరుందా అని అడిగాడు. లేదంది. మరి భయమెందుకన్నాడు. పన్నెండు మంది పిల్లలకి పెట్టేటప్పుడు ఒక కంచం తక్కువై ఉంటుంది, అందుకని ప్లేటు ఇచ్చుంటావు, అలా అనుకో అన్నాడు. నిజానికి టీచరుకి పెట్టడంతో ఒక కంచం తక్కువే అయింది కూడా. ఆ సాకు ఎంత తేలిగ్గా అమరిపోతోందో చూసి శ్రీలేఖకి భయం వేసింది.

“నువ్వు కావాలని చేశావా, లేఖా?” అన్నాడు భార్గవ్ చివరికి.

“కావాలని చేస్తే బాగుండేదండీ. మానుకోడానికి వీలుండేది.”

అతనికి అర్థం కాలేదు. అనవసరంగా నోరు జారకు, ఈ మధ్యే పని దొరికింది, డిసెంబరులో పర్మనెంటు చేస్తారేమో అంటున్నావు, మీటింగులో వెనక కూర్చుని వచ్చెయ్ అన్నాడు. చెడ్డవాడు కాదు భార్గవ్. భార్య జోలికి ఎవరూ రాకూడదనే అతని తాపత్రయం. ఆమె సరేనంది. వెనకే కూర్చుంటాననుకుంది.

మూడున్నరకి మీటింగు. స్కూలు లైబ్రరీలో చిన్నపిల్లల కుర్చీలు వలయంగా వేశారు. పెద్దవాళ్ళు వాటిలో మోకాళ్ళు పైకి పెట్టుకుని ఇరుక్కుని కూర్చున్నారు. పాతిక మంది టీచర్లు, ముప్పై మంది దాకా తల్లిదండ్రులు. వాళ్ళలో సగం మనవాళ్ళే. ఇంటికి తీసుకెళ్ళడానికి ఎవరూ లేని పిల్లల్ని వెనక మూల కార్పెట్ మీద రంగు పెన్సిళ్ళిచ్చి కూర్చోబెట్టారు. అనన్యా అమ్ములూ అక్కడే ఒకే కాగితం మీద చెరోవైపు నుంచి బొమ్మ వేస్తున్నారు. శ్యామసుందరి ఆస్పత్రి యూనిఫారంలోనే వచ్చి, తలుపు దగ్గర కూర్చుంది. శ్రీలేఖ ఆవిడ వైపు చూసి నవ్వబోయింది. నవ్వు పెదవుల దాకా రాలేదు.

మొదట టీచర్లు మాట్లాడారు. ఒక పెద్ద టీచరమ్మ, ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నావిడ, తన ఇబ్బంది దాచుకోకుండా చెప్పింది. రంగుని బట్టి, భాషని బట్టి పిల్లల్ని ఏడిపిస్తే తను గుర్తుపట్టగలదట. ఈ ఏడో పేజీలోది కంటికి కనపడేది కాదు, అందరూ ఒకేలా ఉంటారు, నేనేం గుర్తుపట్టను, పొరబాటు పడితే ఎవరిది బాధ్యత అని అడిగింది. పక్కనున్న కుర్ర టీచరు, మనకి కనపడదు గనకే రాయాలి అన్నాడు. మిసెస్ డాల్టన్ ఇద్దరి మాటలూ రాసుకుంది.

తరవాత ఆనందరావు గారు లేచారు. ఆ చిన్న కుర్చీలోంచి లేవడానికి పక్కవాళ్ళు చెయ్యందించాల్సి వచ్చింది. ఈ కుర్చీ మీద కూడా ఒక పేజీ రాయించండి, వయసు వివక్ష కిందికి వస్తుంది అని ఆయన అనగానే అందరూ నవ్వారు. ఇంగ్లీషు చక్కగా మాట్లాడతారాయన. తను ఈ దేశం వచ్చిన కొత్తలో రైల్లో తన పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదని, ఆ బాధ తెలిసినవాణ్ణి గనక మిగతా పంతొమ్మిది పేజీలకీ చేతులెత్తి దండం పెడుతున్నానని చెప్పారు. ఆ మాటలో నటన లేదు. కానీ ఈ ఏడో పేజీ కల్పితం అన్నారు. ఇలాంటిది కెల్లీవిల్‌లో ఏ ఇంట్లోనూ జరగదని, ఎవరో పాత పుస్తకాల్లో చదివింది తెచ్చి తమ నెత్తిన రుద్దారని, అందుకు నలభై ఒక్క కుటుంబాల సంతకాలే సాక్ష్యమని కాగితాలు పైకెత్తి చూపించారు.

“చివర్లో ఎంత నాటకీయంగా రాశారో వినండి” అని కళ్ళజోడు సర్దుకుని, పేజీ కింది నాలుగు వరుసలూ చదివారు.

ఆ నాలుగు వరుసలే శ్రీలేఖ చదవలేకపోయినవి.

పుట్టినరోజు పాప వంటింట్లోకి వెళ్ళి, తన కంచం సింకులో పెట్టేసి, నాకూ కాగితం ప్లేటే కావాలి అంది. వాళ్ళమ్మ ఇవ్వలేదు. నీకెందుకే అది, నీ కంచం ఇదిగో అని కంచం మళ్ళీ చేతిలో పెట్టి, తలుపు దగ్గరికి వేసింది. ఆ పాప ఆ రోజు ఏమీ తినలేదు.

ఆనందరావు గారు చదవడం ఆపి, ఇదంతా ఎవరు చూశారండీ, తలుపు కూడా వేసేశారుగా అని నవ్వారు. మనవాళ్ళు కొందరు నవ్వారు.

శ్రీలేఖకి చుట్టూ ఉన్న చప్పుళ్ళు దూరమైపోయాయి. వంటింట్లో ఆ రోజు ఉన్నది ఇద్దరే. తనూ, అనన్యా. బయట పాటలు పెట్టారు, ఎవరికీ వినపడలేదు. ఈ సంగతి శ్యామసుందరి చెప్పలేదు. అమ్ములు చెప్పలేదు. మిస్ హార్పర్ కనిపెట్టలేదు. మధ్యాహ్నం నుంచీ వాళ్ళు ముగ్గురిలో ఎవరు తన మీద చెప్పారా అని లోపల లోపల లెక్కేసుకుంటూనే ఉంది. కన్న కూతురు చెప్పింది. ఏడేళ్ళ పిల్ల. బహుశా క్లాసులో, మీ మనసుకి తప్పనిపించినది ఒకటి చెప్పమని టీచరు అడిగిన రోజున, చెయ్యెత్తి చెప్పి ఉంటుంది. మార్చి నుంచీ ఇంట్లో అన్నం తింటూ, జడ వేయించుకుంటూ, పక్కలో పడుకుంటూ, తనకి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పినా అమ్మ వినదని అనుకుందా?

మూడు నెలలుగా అనన్య స్టీలు కంచంలో తినడం లేదు. బడి డబ్బాలోనో, గాజు గిన్నెలోనో పెట్టమంటుంది. ఇక్కడి అలవాట్లు పట్టేశాయని తను విసుక్కునేది.

మిసెస్ డాల్టన్ మెల్లగా చెప్పింది. ఈ సంగతిని మాకు చెప్పినవారు ఎవరో బయటపెట్టలేను, కల్పితం కాదనే మేం నమ్మాం, కానీ నలభై ఒక్క కుటుంబాలు కాదంటే ఆ పేజీ తీసేయక తప్పదు అంది. శ్రీలేఖ వైపు తిరిగి, మర్యాదగానే అడిగింది. ఈ సంతకాలు మీరే తీసుకొచ్చారు కదా, మీ కుటుంబాలన్నీ మీకు తెలుసు, ఇది అబద్ధమని మీరు అనుకుంటున్నారా అని.

“చెప్పమ్మా శ్రీలేఖా, భయపడకు” అన్నారు ఆనందరావు గారు.

శ్రీలేఖ కార్పెట్ వైపు చూసింది. అనన్య బొమ్మ వేయడం ఆపేసింది. తలెత్తి అమ్మ వైపే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, ఆశ కూడా లేదు. టీవీలో ముందే చూసేసిన కార్టూన్ మళ్ళీ వస్తే చూస్తున్నట్టు, తరవాత ఏమవుతుందో తెలిసిన చూపు. ఆ చూపు ముందు ఇంక వెనక కూర్చోవడం శ్రీలేఖ వల్ల కాలేదు.

లేచి నిలబడింది. ఆ చిన్న కుర్చీ ఆమెతోపాటు లేచి, వెనక్కి పడింది. వచ్చిన ఇంగ్లీషులోనే, వేలు పెట్టి చదివినంత మెల్లగా చెప్పింది.

“ఇది అబద్ధం కాదు. ఆ ఇల్లు మాదే. ఆ కాగితం ప్లేటు ఇచ్చింది నేనే.”

చెప్పేశాక ఒక్క క్షణం ఒళ్ళు తేలికైంది. ఆనందరావు గారి చేతిలో కాగితాలు కిందికి వాలాయి. ఆయన ముఖంలో కోపం కంటే బాధే ఎక్కువ కనపడింది, సొంత కోడలు నలుగురిలో పరువు తీసినట్టు. టీచర్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నాకు ఏ శిక్ష వేసినా సరే అనుకుంటూ శ్రీలేఖ తలెత్తింది.

అప్పుడు చూసింది. మనవాళ్ళెవరూ తన వైపు చూడటం లేదు.

మార్చిలో ఆ పుట్టినరోజుకి తమ పిల్లల్ని పంపిన తల్లులు అక్కడ ఆరుగురు ఉన్నారు. వాళ్ళ పెదాలు కదులుతున్నాయి. ఎవరెవరు వచ్చారో గుర్తుచేసుకుంటున్నారు. మా వాడు కాదు. లిఖిత వాళ్ళ పాప కాదు. రిషి కాదు. ఒక్కొక్కరినీ తీసేసుకుంటూ వాళ్ళ చూపులు గది అంతా తిరిగి, వెనక మూల కార్పెట్ మీదికి చేరాయి. రెండు జడలు వేసుకుని, ఊడబోయే పన్నుని నాలుకతో ఊపుకుంటున్న అమ్ములు మీద ఆగాయి. అక్కణ్ణుంచి తలుపు దగ్గరున్న శ్యామసుందరి మీదికి వెళ్ళాయి. ‘అవునా? ఈవిడా?’ అన్నట్టు ఒకావిడ మరొకావిడ మోచేతిని తాకింది.

శ్రీలేఖకి అప్పుడు అర్థమైంది. తన తప్పు తను చెప్పుకుంటున్నాననుకుంది. బయటపెట్టింది మాత్రం ఇంకొకరి గుట్టు. ఆ తల్లి డార్విన్ నుంచి ఇక్కడికి వచ్చి, ఎవరేం అడిగినా నవ్వి దాటేస్తూ, పిల్లని పిల్లలా పెంచుకుందామని దాచుకున్నది. ఆ దాచుకోవడం కోసమే ఆవిడ ఆ కాగితం మీద సంతకం పెట్టింది. పెట్టనంటే ఎందుకు పెట్టలేదని అడుగుతారు గనక. అది ఇప్పటికి తోచింది శ్రీలేఖకి. అడగకుండా ప్లేటు మార్చినట్టే, ఇప్పుడు కూడా అడగకుండానే చేసింది.

శ్యామసుందరి లేచింది. ఆవిడ ముఖం ప్రశాంతంగా ఉంది. రోగి పక్కన నిలబడి గుండె కొట్టుకోవడం లెక్కపెట్టే మనిషి ముఖంలా.

“ఆ రోజు నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాను” అంది మిసెస్ డాల్టన్‌తో, స్పష్టమైన ఇంగ్లీషులో. “అలాంటిదేమీ జరగలేదు. శ్రీలేఖ గారు ఏదో పొరబడుతున్నారు. పేజీ తీసేయండి.”

ఆవిడ ఆ రోజు లేదు. పిల్లని గుమ్మంలో దింపి, సాయంత్రం గుమ్మంలోంచే తీసుకుని వెళ్ళింది. ఆ సంగతి శ్రీలేఖకి తెలుసు, ఆ ఆరుగురికీ తెలుసు.

“సుందరి గారూ, నేను...” అంది శ్రీలేఖ.

శ్యామసుందరి రెండడుగులు దగ్గరికి వచ్చింది. పడిపోయిన ఆ చిన్న కుర్చీని ఎత్తి, సరిగ్గా నిలబెట్టింది. తెలుగులో, శ్రీలేఖకి మాత్రమే వినపడేంత మెల్లగా అంది.

“మీ మనసు తేలికపడటానికి నా బిడ్డే దొరికిందా అండీ? కూర్చోండి.”

శ్రీలేఖ కూర్చుంది. కూర్చోవడం తప్ప ఈ లోకంలో తను చేయగలిగిన పని ఇంకేమీ లేనట్టు కూర్చుంది. సిగ్గు అంటే ఏమిటో ఆమెకి తెలుసనుకుంది. ఈత పోటీల రోజున ముక్కు మూసుకున్న తెల్లావిడ ముందు పడ్డది సిగ్గు అనుకుంది. కాదు. అప్పుడు ఏడవడానికి కుళాయి తిప్పుకునే హక్కయినా ఉంది. ఇప్పుడు ఏడిస్తే అది కూడా ఆవిడ దగ్గర దొంగిలించినట్టే.

ఆనందరావు గారు గొంతు సవరించుకున్నారు. చూశారా, ఆ తల్లే చెబుతోంది అన్నారు. ఆయన గొంతులో ఇందాకటి ధాటి లేదు. మిసెస్ డాల్టన్ పెన్ను చేతిలో పట్టుకుని ఇద్దరు తల్లుల వైపూ మార్చి మార్చి చూసింది. అయితే ఈ పేజీ విషయం ఇక్కడితో, అని మొదలుపెట్టి, మాట పూర్తి చేయకుండా ఆగిపోయింది. ఆమె కళ్ళు అందరి తలల మీదుగా వెనక మూలకి వెళ్ళాయి.

అందరూ వెనక్కి తిరిగారు.

కార్పెట్ మీద అమ్ములు లేచి నిలబడి ఉంది. క్లాసులో నేర్పినట్టే, వీపు నిటారుగా పెట్టి, కుడి చెయ్యి పైకెత్తి, తన వంతు కోసం చూస్తోంది. ఆ పిల్ల ఎడమ చేతిని అనన్య గట్టిగా పట్టుకుని ఉంది.

“అమ్ములూ, చెయ్యి దించు” అంది శ్యామసుందరి.

అమ్ములు అమ్మ వైపు చూసింది. తరవాత శ్రీలేఖ వైపు చూసింది. చెయ్యి మాత్రం దించలేదు.